ఐగాట్ కర్మయోగి యాప్ - గవర్నమెంట్ ఎంప్లాయీస్ కోసం నా రివ్యూ

మా ఆఫీస్‌లో ఐగాట్ (గవర్నమెంట్ ఎంప్లాయీస్‌కి ఆన్‌లైన్‌లో కోర్సులు నేర్పే ప్రభుత్వ యాప్) పేరెత్తితే "సర్టిఫికెట్ వచ్చిందా" అనే అడుగుతారు, ఏం నేర్చుకున్నావ్ అని ఎవరూ అడగరు, అందుకే ఇది రాస్తున్నా. యాప్ మాత్రం నిజంగా మంచిది.

ఈ యాప్ మిషన్ కర్మయోగి అనే ఉద్యోగుల ట్రైనింగ్ కార్యక్రమంలో భాగం, దానికి 2020 సెప్టెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఓకే చెప్పింది. అంతకుముందు ట్రైనింగ్ అంటే ఆఫీస్ నామినేట్ చేయాలి, రిలీవ్ చేయాలి, ఏ ఇన్‌స్టిట్యూట్‌కో వెళ్లాలి, మా బోటి క్లర్కుల దాకా ఆ ఛాన్స్ వచ్చేది తక్కువే. ఇప్పుడు ఫోన్‌లోనే ఫ్రీగా చేసుకోవచ్చు. కొత్తగా జాయిన్ అయినవాళ్లు చేసే కర్మయోగి ప్రారంభ్ కోర్సు కూడా ఇందులోదే, 2022 నవంబర్‌లో జరిగిన రోజ్‌గార్ మేళాలో (కొత్త ఉద్యోగులకి అపాయింట్‌మెంట్ లెటర్లిచ్చే కార్యక్రమం) మొదలైంది, కాండక్ట్ రూల్స్ అవీ మొదట్లోనే తెలుస్తాయి కాబట్టి దాన్ని హడావుడిగా లాగించేయొద్దు.

నాకు బాగా పనికొచ్చింది ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కోర్సు. మా సెక్షన్‌కి వచ్చే అప్లికేషన్లలో అడిగిన సమాచారం కొంత వేరే ఆఫీస్ దగ్గర ఉంటుంది, "మా దగ్గర లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేయడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. కానీ ఆ చట్టంలోని సెక్షన్ 6(3) ప్రకారం ఆ భాగం ఎవరి దగ్గరుందో వాళ్లకి 5 రోజుల్లోపు ట్రాన్స్‌ఫర్ చేసి, ఆ సంగతి అప్లికెంట్‌కి కూడా చెప్పాలి. మన జవాబుకి గడువు 30 రోజులు, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటలే. సరైన కారణం లేకుండా లేట్ చేస్తే పీఐఓకి (సమాచారం ఇవ్వాల్సిన ఆఫీసర్) రోజుకి 250 చొప్పున 25,000 దాకా ఫైన్ పడొచ్చు. కోర్సు అయ్యాక వచ్చిన అప్లికేషన్‌కి ట్రాన్స్‌ఫర్ నోట్, అప్లికెంట్‌కి లెటర్ డ్రాఫ్ట్ రెండూ నేనే పెట్టా, మా ఆఫీసర్ ఒక్క మాట మార్చకుండా సంతకం చేశారు, ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

ఎక్సెల్ కోర్సు కూడా బాగుంది, బిల్స్ సెక్షన్ వాళ్లు తప్పకుండా చేయండి. తెలుగులో కోర్సులు మాత్రం ఇంకా చాలా రావాలి, ఇంగ్లీష్ హిందీ అంతగా రాని ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్, ఆఫీస్‌లో కింది స్థాయి ఉద్యోగులు) తమ్ముళ్లు ప్రతి ముక్కా పక్కవాళ్లని అడగాల్సొస్తోంది.

నా బాధంతా టైమ్ గురించే. 2024 అక్టోబర్‌లో కర్మయోగి సప్తాహ్ అని నేర్చుకోవడానికే ఒక వారం పెట్టి ఒక్కొక్కరు కనీసం 4 గంటలు నేర్చుకోవాలన్నారు, మంచి ఆలోచనే, కానీ మా దగ్గర కౌంటర్ నడవాలి, ఫైళ్లు కదలాలి, ఆ 4 గంటలు ఎక్కడ్నుంచి తేవాలో ఎవరూ చెప్పలేదు. దాంతో వీడియో మ్యూట్‌లో పెట్టి పని చేసుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లని తప్పుపట్టలేను. డ్యూటీ టైమ్‌లోనే వారానికో గంట సీటు పక్కవాళ్లకి అప్పజెప్పి కూర్చోనిస్తే చాలు, ఇది సెక్షన్ ఇన్‌ఛార్జ్‌లు తలుచుకుంటే రేపట్నుంచే అయ్యే పని సార్, దయచేసి ఆలోచించండి.

ఇంకోటి, ఇక్కడ సర్టిఫికెట్లు పోగేస్తే ప్రమోషన్ వచ్చేస్తుందని కొందరు అనుకుంటున్నారు. అలా రాదు, ఉదాహరణకి పోస్టల్‌లో ఎంటీఎస్ నుంచి పోస్ట్‌మ్యాన్‌కి గానీ, అక్కడ్నుంచి పోస్టల్ అసిస్టెంట్‌కి గానీ పోటీలో వెళ్లాలంటే డిపార్ట్‌మెంటల్ ఎగ్జామ్ రాయాల్సిందే. దానికి ముందు సిలబస్, రూల్ బుక్స్ దగ్గర పెట్టుకోండి, ఐగాట్‌లో మీ సీటు పనికి దగ్గరగా ఉన్న కోర్సు ఒక్కటి తీసుకుని నోట్స్ రాసుకుంటూ చేయండి.