ఎప్‌కాట్ పూల పండుగలో ఒక చీనీ (బత్తాయి) రైతు

అమెరికా నుంచి తిరిగొచ్చి నెల దాటింది. అనంతపురంలో ఎదురైన ప్రతి మనిషీ ఒకటే అడుగుతున్నాడు: "డిస్నీ చూశారంట కదా, ఎట్లుంది?" బాగుంది అంటే ఊరుకోరు. మా పాప, అల్లుడి మాదిరే వాళ్ల పిల్లలూ అక్కడే ఉన్నారు, వచ్చే ఎండాకాలానికి వాళ్లూ బెంగళూరులో విమానం ఎక్కేవాళ్లే. ఒక్కొక్కరికీ చెప్పలేక రాస్తున్నా.

డిస్నీ అంటే ఒక్క పార్కు కాదు. ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గర నాలుగు థీమ్ పార్కులున్నాయి. ఒక్కోటి చూడ్డానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. "నాయనా, కోట ఉండే పార్కుకు పోదామా, పూలుండే పార్కుకు పోదామా?" అని మా పాప అడిగింది. ఆరెకరాల చీనీ తోట ఉన్నోణ్ని, పూలే అన్నాను. అట్లా ఎప్‌కాట్‌కు పోయాం. ఈ పార్కు 1982లో తెరిచారు. 1994 నుంచి ఏటా వసంతకాలంలో ఇక్కడ పూల పండుగ జరుగుతోంది. మార్చి మొదట్లో మొదలై సుమారు మూడు నెలలు నడుస్తుంది. దానికి వేరే టికెట్ లేదు, పార్కు టికెట్‌లోనే కలిసి ఉంటుంది. ఆ టికెట్ రేటు తేదీని బట్టి మారుతుంది. మాకెంత పడిందో పాప చెప్పలేదు. అల్లుడి ఫోన్‌లో నేనే చూశాను. రూపాయల్లోకి మార్చుకుని ఆ రోజంతా ఏం చూసినా అదే లెక్క కళ్ల ముందు కదిలింది. మీరు మాత్రం ఆ పని చేయొద్దు.

గేటు దాటగానే పెద్ద వెండి బంతి. 180 అడుగుల ఎత్తు ఉంటుంది. దాని ముందు పూలమడులు, మొక్కలతో చేసిన మిక్కీ, మిన్నీ బొమ్మలు. జనమంతా ఫొటోల కోసం క్యూ కట్టారు. నాకు ఫొటో కంటే ఆ బొమ్మ లోపల ఏముందో చూడాలనిపించింది. ఒక బొమ్మ దగ్గర కంచె మీదికి వంగి చూశాను. ఇనుప చట్రం, దానికి జాలి, జాలి నిండా కూరిన తడి నాచు, ఆ నాచులో పక్కపక్కనే గుచ్చిన చిన్న మొక్కలు. ఒక చోట ఆకులు పక్కకు ఒరిగితే సన్నటి నల్ల పైపు కనిపించింది. బొమ్మ కడుపులో డ్రిప్పు! మా తోటలో ఎలకలు కొరికే పైపు లాంటిదే. "ఇంత దూరమొచ్చి ఇక్కడా పైపులేనా చూసేది?" అని మా ఆవిడ విసుక్కుంది.

అనంతపురం రైతు ఎవరైనా అక్కడికి పోతే ముందు చూడాల్సింది ల్యాండ్ అనే భవనంలో పడవ. పేరు లివింగ్ విత్ ద ల్యాండ్. పావుగంట కూడా పట్టదు. వేగం లేదు, కుదుపు లేదు. ఎనిమిదేళ్ల మా మనవడు సగంలోనే ఆవులించాడు. మాకు ముందు కూర్చున్న కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం రెండుసార్లు ఎక్కాను.

పడవ మెల్లగా గ్రీన్‌హౌస్‌ల మధ్యకు పోతుంది. తలపైన పందిరి, పందిరి నుంచి టమాటా గుత్తులు ద్రాక్ష మాదిరి వేలాడుతున్నాయి. టమాటా చెట్టంత పెరగడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడ పెంచిన ఒకే ఒక్క మొక్క ఏడాదిలో 32 వేలకు పైగా కాయలు కాసి గిన్నిస్ రికార్డుకెక్కింది. బరువు 522 కిలోలు. మన కక్కలపల్లి టమాటా మండీలో పదిహేను కేజీల బాక్సుల్లో నింపితే ఒక్క మొక్కకు 35 బాక్సులు. అంత కాపు మనకొస్తే ధర ఏమయ్యేదో ఆలోచించకపోవడమే మంచిది.

ఇంకాస్త ముందుకు పోతే అసలు వింత. మొక్కలకు మట్టి లేదు, కుండీ లేదు. వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి, ముసలాయన గడ్డం మాదిరి తెల్లగా, పొడవుగా. ఆ వేళ్ల మీదికే ఎరువు కలిపిన నీళ్లు తుంపరగా కొడతారు. కారినవి మళ్లీ వాడుకుంటారు. వానకు మొహం వాచిన జిల్లా మాది, వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లకు గ్యారంటీ లేదు. ఆ వేళ్ల చివర్ల నుంచి చుక్కలు రాలుతుంటే నాకు పూల పండుగ సంగతే గుర్తు లేదు. ఇంటికొచ్చాక మిద్దె మీద ఒక వంగ నారును అట్లే వేలాడదీసి చిన్న మోటరు పెట్టాను. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రానికి వేళ్లు పీచయ్యాయి.

గ్రీన్‌హౌస్‌ల లోపల నడిపిస్తూ వివరంగా చెప్పే టూర్ కూడా ఉంది. గంట సేపు, దానికి వేరే డబ్బు. మేం అడిగేసరికి ఆ రోజుకు ఖాళీ లేదు. సేద్యం మీద ఇష్టమున్నవాళ్లు ముందే బుక్ చేసుకోండి. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన లోటు అదొక్కటే.

పూల పండుగలో నారింజపండు తలగా ఉండే పిట్ట బొమ్మ ఒకటి ఉంటుంది, ఆరెంజ్ బర్డ్ అంటారు. ఫ్లోరిడా నారింజ రైతుల ప్రచారం కోసం ఒకప్పుడు పుట్టిన బొమ్మ. పిల్లలు దాన్ని చూసి ఎగురుతున్నారు. నాకేమో నారింజ జాతి చెట్లను ఎండబెట్టే గ్రీనింగ్ తెగులు గుర్తొచ్చింది. 2005లో అది ఫ్లోరిడాలో బయటపడింది. అంతకుముందు దిగుబడిలో ఇప్పుడు పదో వంతు కూడా రావడం లేదు. మన చీనీ తోటలనూ వదలని తెగులే. ఆకు మీద ఎగుడుదిగుడుగా పసుపు మచ్చలు కనిపిస్తే మాకు రాత్రి నిద్ర పట్టదు. రోడ్డు పక్కన ఎండిపోయి వదిలేసిన తోట ఒకటి దారిలో చూశాను. దాని తర్వాత ఆ పిట్ట నవ్వు మొహం నాకు నచ్చలేదు.

పార్కు వెనక భాగంలో చెరువు చుట్టూ పదకొండు దేశాల పేరుతో వీధులు, భవనాలు కట్టారు. మెక్సికో, నార్వే, చైనా, జపాన్, మొరాకో ఇట్లా. భారతదేశం లేదు. ఒక చుట్టు తిరిగితే రెండు కిలోమీటర్లు. జపాన్ తోట ప్రశాంతంగా ఉంది, కూర్చోవచ్చు. మిగతావి అంగళ్లు ఎక్కువ, చూసేది తక్కువ అనిపించాయి. చెరువులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవలున్నాయి, టికెట్ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాటిని వాడుకోవాలి. మా ఆవిడకు గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకున్నాం. మొదట "నేనేం పేషెంటునా" అని కోప్పడింది. పదకొండు గంటలకు ఎక్కి కూర్చుంది, సాయంత్రం దాకా దిగలేదు.

సీతాకోకచిలుకల కోసం వలతో ఒక డేరా వేశారు. లోపలికి పోతే చాలా వరకు ఆకుల మీదే కదలకుండా ఉన్నాయి. మనవడి చొక్కా మీద ఒకటి వాలింది. వాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పార్కులో వాడు మాట్లాడకుండా ఉన్న రెండు నిమిషాలు అవే.

తిండి సంగతి. పండుగ కోసం దారి పొడుగునా చిన్న చిన్న వంటశాలలు పెడతారు. ప్లేటు అంటే అరచేతిలో పట్టేంత, నాలుగు ముద్దలు కూడా ఉండదు. శాకాహారం దొరుకుతుంది, కానీ కారం తెలియదు. మూడు ప్లేట్లకైన డబ్బుతో మన ఊర్లో పది మందికి ఉగ్గాని, బజ్జీ పెట్టొచ్చు. మంచి విషయం ఏమంటే బయటి తిండి తీసుకుపోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. బ్యాగు తనిఖీలో మా చిత్రాన్నం డబ్బా తెరిచి చూసి, నవ్వి పంపించారు. జపాన్ తోట బెంచీ మీద చిత్రాన్నం, శెనక్కాయల పొడి తిన్నాం. తిండి కౌంటర్లలో అడిగితే చల్లటి మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. మేం మధ్యాహ్నం దాకా తెలియక సీసాలు కొన్నాం.

ఎండ మనకు లెక్క కాదనుకుని పోయాను. ఏప్రిల్‌లో ముప్పై డిగ్రీలే, మన నలభై ముందు ఎంత! కానీ అది ఉక్కపోత. చొక్కా ఒంటికి అంటుకుని ఆరదు. ఉదయం గేట్లు తెరిచేసరికి ఉండి, మధ్యాహ్నం ఏసీ ఉన్న చోట కూర్చుని, ఎండ తగ్గాక పూలు చూడ్డం మేలు. రాత్రి చెరువు మీద బాణాసంచా కాలుస్తారు. పిల్లాడు నిద్రకు తూలుతున్నా వాడి కోసమే ఆగాం. తీరా చూస్తే వాడు అల్లుడి భుజం మీద నిద్రపోయాడు, మేం నలుగురం చూశాం. పనివాళ్లు మాత్రం ఉదయం ఎంత మర్యాదగా ఉన్నారో రాత్రీ అంతే. ఒకామె మా ఆవిడ కుర్చీని గేటు దాకా తనే తోసింది.

హోటల్ దగ్గరే దెబ్బ తిన్నాం. పార్కు లోపలి హోటళ్లు ఖరీదని బయట, పది నిమిషాల దూరంలో ఒకటి తీసుకున్నాం. పేరెందుకులే. ఆన్‌లైన్‌లో చూపిన రేటు ఒకటి. అక్కడికి పోయాక రిసార్టు ఫీజు అని రోజుకింత, కారు పార్కింగ్ అని రోజుకింత. పార్కుకు ఉచిత బస్సు అన్నారు. అది పొద్దున రెండుసార్లే, సీటు ముందు రోజే చెప్పుకోవాలి. తెలియక కారులోనే పోయి పార్కులోనూ పార్కింగ్ కట్టాం. గది శుభ్రంగానే ఉంది, ఏసీ మాత్రం రాత్రంతా రోలింగ్ మిల్లు మాదిరి మోగింది. బుక్ చేసే ముందే ఫీజులు, పన్నులు కలిపి మొత్తం ఎంతో చివరి పేజీ దాకా పోయి చూసుకోండి. ఖాళీ చేసే పొద్దున అల్లుడు కౌంటర్‌లో అరగంట వాదించాడు. ఒక రాత్రి పార్కింగ్ తీసేశారు, మిగతాదంతా కట్టించుకున్నారు.