బుడ్డలొలిచే చేతులు ఏ సినిమాకు ఆగాయి?

ట్యూషన్‌కు వచ్చే పిల్లల అమ్మలు సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఈమధ్య లెక్కల గురించి తక్కువ, సినిమాల గురించి ఎక్కువ అడుగుతున్నారు. "మేడం, ఇంట్లో అందరమూ కూచోని చూసేదానికి ఏం పెట్టుకోమంటారు? పుష్పానా, కోర్టా, ఆ బ్యాంకు సినిమానా?" గేటు దగ్గర రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరుబడిగా రాస్తున్నా. కథలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పెద్దగా పోను.

ఈ సినిమాలన్నీ నేను రెండోసారి చూసింది 2025 మే నెలలో, కూడేరు దగ్గర మా అత్తగారి ఊర్లో. అనంతపురం పల్లెల్లో ఆ రోజుల్లో ఏ ఇంటికి పోయినా విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలుస్తుంటారు. రాత్రి అన్నాలయ్యాక కాయల మీద కాసిని నీళ్ళు చిలకరించి, చాప పరిచి, నడిమధ్య కె-6 (కదిరి-6) రకం కాయలు కుప్ప పోసి, ఎదురుగా టీవీ పెట్టుకుంటాం. బొటనవేలితో కాయ ముక్కు నొక్కితే టప్పుమని విచ్చుకోవాల, లోపల పప్పు చీలకూడదు. చీలిన పప్పు విత్తనానికి పనికిరాదు. అందుకే చూపు టీవీ మీదున్నా మనసు వేళ్ళ మీదే ఉంటుంది. అట్లాంటి చేతులు ఆగిపోయాయంటే ఆ సినిమాలో ఏదో ఉన్నట్టే.

నా మటుకు నాకు సినిమా మంచిచెడ్డలు తేల్చేది ఒక్కటే. తెర మీద మనిషికి ఏం పోతుందోనని భయమో, ఆ భయం చూసేవాళ్ళ కడుపులోకి కూడా రావాల. పాటలు, ఫైట్లు, ఖర్చు అన్నీ దాని తర్వాతే.

ముందు తేలికవి రెండు చెప్పేస్తాను. 'సంక్రాంతికి వస్తున్నాం' అందరమూ నవ్వుకుంటూ చూశాం, వెంకటేష్, ఐశ్వర్యా రాజేష్ జోడీ ముచ్చటగా ఉంది. హీరో కొడుకు బుల్లిరాజు నోట్లోంచి వచ్చే బూతులు మాత్రం మా ఇంట్లో చిన్నోడు రెండు రోజులు వదల్లేదు, అది చూసుకుని పెట్టుకోండి. మన రాయచోటి పిల్లోడు కిరణ్ అబ్బవరం చేసిన 'క' థ్రిల్లర్. కొండల నడుమ మధ్యాహ్నం మూడింటికే చీకటిపడే ఊరు అన్న ఊహ చాలా బాగుంది, ముగింపు వరకూ గుట్టు విప్పకుండా నడిపాడు. ఒకసారికి బాగానే ఉంటుంది.

'పుష్ప 2' సంగతి వేరు. థియేటర్లో 3 గంటల 20 నిమిషాల సినిమా. దాంట్లో గంగమ్మ జాతర వచ్చినప్పుడు మా చాప మీద ఒక్క కాయ పగల్లేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం ఎరిగినవాళ్ళం కాబట్టి, చీర కట్టి ముఖానికి నీలం రంగు పూసుకున్న అల్లు అర్జున్‌ను చూసి మా అత్త చేతులు జోడించింది. చిత్తూరు యాస హీరో నోట్లో వినడమూ నాకు ఇష్టమే. సీమ మాటంటే ఎన్నో ఏళ్ళు ఫ్యాక్షన్ సినిమాల్లో వేటకొడవలి పట్టుకున్నవాడి మాటగానే చూపించారు మరి. కానీ కథ దేనిమీద నిలబడింది? ముఖ్యమంత్రి ఫోటో దిగనన్నాడని ముఖ్యమంత్రినే మార్చేయడం మీద. అది పోతే నాకేం పోతుంది? పుష్ప ఓడిపోతాడన్న భయం ఒక్క క్షణం కలగదు. అందుకే జాతర అయిపోగానే మళ్ళీ కాయలు టపటపమన్నాయి.

'లక్కీ భాస్కర్' మొదటి సగం నాకు చాలా నచ్చింది. బొంబాయిలో బ్యాంకు క్యాషియరు, నెలకు 6,000 జీతం, ఇంటి నిండా అప్పులు, వస్తుందనుకున్న ప్రమోషన్ ఇంకొకరికి పోతుంది. చీటీ ఎత్తిన డబ్బు అప్పులాయనకు ఇచ్చి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన మనిషిని చూసిన ప్రతి ఇంటికీ ఆ ముఖం తెలుసు. దుల్కర్ సల్మాన్ ఆ సిగ్గును మాటల్లేకుండా మోశాడు. అయితే డబ్బు రావడం మొదలయ్యాక భాస్కర్ ప్రతిసారీ తప్పించుకుంటాడు, చివరికి అందరికంటే తెలివైనవాడు అవుతాడు. తెలివిని మెచ్చుకుంటాం, భయం తగ్గిపోతుంది. ఈ కథకు నేపథ్యమైన స్టాక్ మార్కెట్ కుంభకోణం 1992లో బయటపడినప్పుడు ఎంతమంది చిన్నవాళ్ళ పొదుపులు మునిగాయి! వాళ్ళ వైపు కెమెరా ఒక్కసారి తిరిగి ఉంటే ఇంకెంత బాగుండేదో. మా మరిది మాత్రం ఒప్పుకోడు, అన్నిట్లోకీ ఇదే మేలంటాడు.

'కోర్ట్' పెట్టిన రాత్రి మా ఇంట్లో మాటల్లేవు. ప్రేమించుకున్న పందొమ్మిదేళ్ళ చందు, పదిహేడేళ్ళ జాబిలి, పరువు తప్ప ఇంకేం పట్టని జాబిలి బంధువు మంగపతి. శివాజీ చేసిన మంగపతి లాంటి మనిషి ప్రతి బంధువర్గంలో ఒకడుంటాడు, అందుకే అంత వణుకు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 18 నిండని వాళ్ళంతా పిల్లలే, వాళ్ళు ఇష్టపడ్డారన్న మాట చెల్లదు. అంతకు ముందు శిక్షాస్మృతిలో ఆ వయసు 16. పసిపిల్లలను కాపాడే ఆ చట్టం ఎంత అవసరమో నాకు తెలుసు, అందులో రెండో మాట లేదు. కానీ దాన్ని కక్షకు వాడుకుంటే ఒక పిల్లోడి బతుకు ఏమవుతుందో ఈ సినిమా చూపించింది. మా ఆడపడుచు కూతురికి పదిహేడు. సినిమా సగంలో ఆ పిల్ల, "అత్తా, ఇది తెలిసుంటే చందు ఫోన్ మాట్లాడేవాడే కాదు కదా" అంది. ఇంటర్, డిగ్రీ పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులు పక్కన కూచోబెట్టుకుని చూడాల్సిన సినిమా. నాకున్న కొరత ఒక్కటే, అంతమంది జాబిలి తరఫున మాట్లాడారు గానీ జాబిలి గొంతు ఇంకా వినిపించాల్సింది.

ఇన్ని చెప్పినా, ఒక్కటే ఎంచుకోమంటే నేను '35 చిన్న కథ కాదు' అంటాను. 2024 సెప్టెంబరులో వచ్చింది, తిరుపతిలో జరిగే కథ. పది తప్పిన తల్లి సరస్వతి, లెక్కల్లో 35 తెచ్చుకోలేని కొడుకు అరుణ్. దీంట్లో ప్రాణం పోయేది లేదు, జైలు లేదు. పోయేదల్లా ఒక పిల్లోడి ధైర్యం. అదెంత పెద్దదో పన్నెండేళ్ళుగా లెక్కలు చెప్తున్న నాకు తెలుసు. మార్కులను బట్టి పిల్లలకు పేర్లు పెట్టి అరుణ్‌ను 'జీరో' అని పిలిచే అయ్యవారుగా ప్రియదర్శి కనిపిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలల తర్వాత 'కోర్ట్'లో చందు కోసం నిలబడిన లాయరూ అతనే. రెండో సగం కాస్త సాగిందన్నది నిజమే, పావుగంట తగ్గించి ఉండొచ్చు. కానీ నివేదా థామస్ వంటింట్లో లెక్కల పుస్తకం ముందేసుకుని కూచున్నప్పుడు, ఐదో తరగతితో బడి మానేసిన మా అత్త ఒళ్ళో కాయలు కింద పెట్టేసింది.

అరుణ్ అడిగే ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. సున్నాకు విలువ లేదన్నప్పుడు, ఒకటి పక్కన అదొచ్చి నిలబడితే తొమ్మిది కంటే పెద్దదెట్లా అవుతుంది? ట్యూషన్‌లో నన్ను ఈ మాట అడిగిన పిల్లలున్నారు, 'అది అంతే' అని చెప్పిన అయ్యవార్లూ ఉన్నారు. సినిమా అయ్యాక మా చిన్నోడు అదే అడిగాడు. చాప మీదున్న పప్పులు పది ఏరి ఒక కుప్ప చేశాను. "ఇది ఒక కుప్ప. విడిగా ఏమన్నా మిగిలిందా?" లేదన్నాడు. "మిగల్లేదని చెప్పేదానికే ఆ సున్నా. అది ఉండబట్టే ఒకటి కుప్పల చోట్లో నిలబడింది." వాడికంటే ముందు మా అత్త తల ఊపింది. "ఇంత సులువని మాకెవురూ చెప్పలేదు కదమ్మా" అని, ఇంకో పది పప్పులు తీసి, వాడి చేతిలోకి ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది.