డయాలసిస్: సెంటరుకెళ్లడమా, ఇంట్లో చేసుకోవడమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ పోయిన ప్రతి ఇంట్లోనూ ఇదే మీమాంస. మా అయ్యకీ వచ్చింది.

సెంటరులో: వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఉంది, సోంపేటలోనో పలాసలోనో జరిగిపోతుంది. తోడెళ్లినవాళ్లకి మాత్రం ఆ రోజు జీడి కూలి పోయినట్టే. తిరుగు ఆటోలో అయ్య నా భుజమ్మీద తల వాల్చేసేవాడు. ఫిస్టులా చేతికి (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చేయి) ఎవరూ బీపీ పట్టా చుట్టకుండా కాపలా నాదే.

ఇంట్లో సీఏపీడీ (మెషిన్ లేకుండా, పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే డయాలసిస్): ప్రయాణం లేదు. కానీ రోజూ మూడు నాలుగుసార్లు పొట్టలో ద్రవం మార్చాలి, సంచి రెండు లీటర్లు. ఫ్యాను ఆపి, తలుపేసి, చేతులు కడిగి. శుభ్రం తప్పిందా, పొట్టలో ఇన్ఫెక్షనే. ఆ ద్రవం సంచుల పెట్టెలన్నీ కారే ఇంట్లో ఎక్కడ దాస్తాం?

మేం సెంటరుకే వెళ్లాం. పొడి గది, ఓపికున్న మనిషి ఉండి సెంటరు దూరమైతే సీఏపీడీ. పొట్టకి పెద్ద ఆపరేషన్లయినా, చేతులు వణికినా సెంటరే.