జేపెగ్‌లోనే సహజమైన రంగులు: ఆటో వైట్ బ్యాలెన్సా, డేలైటా, గ్రే కార్డా?

కెమెరాలోంచి నేరుగా వచ్చిన జేపెగ్‌లో (కెమెరాయే రంగులు దిద్ది ఇచ్చే ఫొటో ఫైల్‌లో) రంగులు సహజంగా ఉండాలంటే ఏ ప్రొఫైల్ (కెమెరాలోని రంగుల తీరు) పెట్టాలి? మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇదే. స్టాండర్డా న్యూట్రలా, ఫ్యూజీ అయితే ప్రోవియానా ఆస్టియానా అని అడుగుతారు. కానీ రంగు చెడేది ఎక్కువసార్లు అక్కడ కాదు, వైట్ బ్యాలెన్స్ దగ్గర, అంటే కాంతి రంగుకు తగ్గట్టు తెలుపు తెల్లగా వచ్చేలా కెమెరా చేసే సర్దుబాటు దగ్గర. మొహం పసుపు తిరిగినా, తెల్ల చొక్కా నీలంలోకి పోయినా ఏ ప్రొఫైలూ దాన్ని సరిచేయలేదు. కాబట్టి అసలు పోటీ ఆటో, డేలైట్ ప్రీసెట్ (ఎండకు ముందే కట్టిపెట్టిన అమరిక), కెల్విన్ అంకె (కాంతి రంగును చెప్పే కొలత), గ్రే కార్డుతో కస్టమ్ (బూడిద రంగు అట్టను చూపి మనమే కొలిపించేది), ఈ నాలుగింటి మధ్యే.

సహజం అన్న మాటకే రెండు అర్థాలున్నాయి. వస్తువు అసలు రంగు రావడం ఒకటి, అక్కడ నిలబడ్డ కంటికి కనిపించినట్టు రావడం రెండోది. బల్బు వెలుగులో కన్ను చాలావరకు సర్దుకుంటుంది, పూర్తిగా మాత్రం కాదు. కొంత వెచ్చదనం మిగులుతుంది. ఆ కాస్తనూ తుడిచేస్తే తెలుపు తెల్లగానే వస్తుంది, ఫొటో మాత్రం రాత్రి తీసినట్టు ఉండదు. బట్టల రంగు కచ్చితంగా కావాలా, సాయంత్రపు గది సాయంత్రంలా కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఆటో చేసేది ఊహే. ఫ్రేమ్‌లో ఉన్న రంగులను చూసి కాంతి ఏ రంగులో ఉందో అంచనా వేస్తుంది. ఒకే రంగు ఫ్రేమ్ నిండా ఉంటే ఆ అంచనా తప్పుతుంది. పసుపు గోడ ముందు మనిషిని నిలబెట్టి తీయండి. గోడ పసుపును కాంతి పసుపుగా పొరబడితే కెమెరా నీలం కలుపుతుంది, మొహం పాలిపోతుంది. రెండడుగులు ముందుకెళ్ళి మొహం ఫ్రేమ్ నిండేలా తీస్తే చర్మం ఇంకో రంగులో వస్తుంది. కాంతి మారలేదు, మనిషి మారలేదు, రంగు మారింది. కొత్త కెమెరాల్లో ఈ తడబాటు తగ్గింది కానీ పోలేదు. ఒక్క ఫొటో చూస్తే బాగానే అనిపిస్తుంది. ఇరవై ఫొటోలు పక్కపక్కన పెడితే తేడా బయటపడుతుంది. రా ఫైల్ (కెమెరా రంగులు దిద్దకుండా దాచే ఫైల్) అయితే తర్వాత సరిచేసుకోవచ్చు, జేపెగ్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. ఆటో వాడక తప్పకపోతే కనీసం దాని రకం ఎంచుకోండి. కానన్ కొత్త మోడళ్లలో యాంబియన్స్ ప్రయారిటీ (వెచ్చదనాన్ని ఉంచేది), వైట్ ప్రయారిటీ (తెలుపును కాపాడేది) అని రెండుంటాయి. నికాన్ కొత్త మోడళ్లలో తెలుపును కాపాడేది, వాతావరణాన్ని ఉంచేది, బల్బు వెచ్చదనాన్ని ఉంచేది అని మూడుంటాయి.

ఆరుబయట నా ఓటు డేలైట్‌కే. కానన్, నికాన్ రెండింటిలోనూ ఇది దాదాపు 5200 కెల్విన్. డేలైట్ ఫిల్ము కూడా ఇలాగే 5500 దగ్గర కట్టుబడి ఉండేది. అందుకే సూర్యాస్తమయపు ఎరుపు అందులో ఎరుపుగానే నిలిచేది. ఆటో ఆ ఎరుపును తప్పుగా భావించి కొంత చల్లార్చేస్తుంది. డేలైట్‌లో మబ్బు పట్టినప్పుడు కాస్త నీలం కనిపిస్తుంది, కంటికీ అలాగే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎండ పడక, పైన ఆకాశం మాత్రం కనిపించే నీడలో నీలం మరీ ఎక్కువవుతుంది. అక్కడ 6500 నుంచి 7500 దాకా పెంచాలి. చెట్టు కింద సమస్య వేరు. ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది, దాన్ని కెల్విన్ పెంచినా తగ్గించినా పోగొట్టలేం. వైట్ బ్యాలెన్స్ షిఫ్ట్‌లోకి (రంగును అటూ ఇటూ జరిపే మెనూలోకి) వెళ్లి మెజెంటా (ముదురు గులాబీ) వైపు రెండు మూడు గళ్లు జరపాలి. పని అయ్యాక సున్నాకు తేవడం మరిచిపోతే తర్వాతి ఫొటోలన్నీ గులాబీ రంగు పులుముకుంటాయి.

కెల్విన్ అంకె చేత్తో పెట్టేటప్పుడు తికమక ఒకటుంది. ఎక్కువ కెల్విన్ కాంతి నీలంగా ఉంటుంది, కెమెరాలో ఎక్కువ కెల్విన్ పెడితే మాత్రం ఫొటో పసుపవుతుంది. ఎందుకంటే మనం చెప్పేది కాంతి సంగతి, కెమెరా చేసేది దానికి విరుగుడు. ఇంకో సంగతి, అంకెల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. పది లక్షలను కెల్విన్‌తో భాగిస్తే వచ్చేదాన్ని మైరెడ్ అంటారు. 2700 నుంచి 3200కు పెంచితే తేడా 58 మైరెడ్లు, ఫొటో తీరే మారిపోతుంది. 7000 నుంచి 7500కు పెంచితే పదికి లోపే, కంటికి ఆనదు. కాబట్టి బల్బుల దగ్గర వందేసి కెల్విన్లు జాగ్రత్తగా కదపాలి, నీడలో ఐదొందలేసి కదిపినా ఫరవాలేదు. 2700 కెల్విన్ బల్బు వెలుగులో కెమెరాను 3200 దగ్గర ఉంచితే ఇందాక చెప్పిన వెచ్చదనం తగుమాత్రంగా మిగులుతుంది.

గది లోపల, అందులోనూ బట్టలు, వస్తువులు, చర్మం కచ్చితంగా రావాలంటే గ్రే కార్డును మించింది లేదు. కార్డును మనిషి మొహం ఉన్నచోటే, అదే వెలుగు పడేలా పట్టుకోవాలి. కెమెరా పక్కన పట్టుకుంటే దానిమీద పడేది వేరే వెలుగు. ఫ్రేమ్ మధ్యభాగం నిండేలా తీయాలి, ఫోకస్ కుదరకపోతే మాన్యువల్‌కు మార్చాలి. తర్వాత కానన్‌లో మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కు ఆ ఫొటోను ఎంచుకుని, మోడ్‌ను కూడా కస్టమ్‌కు మార్చాలి. ఈ రెండో మెట్టు మరిచిపోయి కార్డు పనిచేయలేదనుకునేవాళ్లు చాలామంది. కార్డు మీద వెలుగు మరీ ఎక్కువై ఓవర్ ఎక్స్‌పోజ్ అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లలో ఏదో ఒకటి నిండిపోయి కొలత తప్పుతుంది. కార్డు లేదని ప్రింటర్ కాగితం వాడితే ఇంకో చిక్కు. తెల్లగా మెరవడానికి అందులో కలిపిన పదార్థం అతినీలలోహిత కాంతిని తాగి నీలంగా వెలుగుతుంది. కెమెరా ఆ నీలానికి విరుగుడుగా ఫొటో మొత్తాన్ని పసుపు చేస్తుంది.

కార్డుకూ లొంగనివి ఉన్నాయి. కిటికీ వెలుగు ఒక చెంప మీద, బల్బు వెలుగు ఇంకో చెంప మీద పడుతుంటే ఏ ఒక్క అంకే రెండింటికీ సరిపోదు. బల్బు ఆర్పేయడమే మార్గం. చౌక ఎల్‌ఈడీల కాంతిలో గాఢమైన ఎరుపు తక్కువ. తెలుపు తెల్లగా వచ్చినా పెదాలు, చర్మం జీవం లేకుండా వస్తాయి. లేని రంగును వైట్ బ్యాలెన్స్ పుట్టించలేదు. దీపం మినుకుమంటుంటే వరసగా తీసిన ఫొటోల్లో వెలుగూ రంగూ రెండూ ఊగుతాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్‌ను 1/100 లేదా 1/50 సెకను దగ్గర ఆపితే చాలావరకు నిలకడ వస్తుంది.

ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు మోతాదు) కూడా రంగును చెడగొడుతుంది. వెలుగు ఎక్కువైతే చర్మంలో ముందు ఎరుపు చానల్ నిండిపోతుంది, నుదురు, ముక్కు పసుపు తిరుగుతాయి. మామూలు హిస్టోగ్రామ్‌లో (చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్‌లో) ఇది కనబడదు, మూడు రంగులనూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోవాలి. ఎరుపు కుడి గోడకు గుద్దుకుంటే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో (వెలుగు సగమో రెట్టింపో అయ్యే మెట్టులో) మూడింట రెండు వంతులు తగ్గించండి. ఎర్ర మందారం రేకుల్లో గీతలు పోయి ఒకటే ముద్దలా వచ్చేది కూడా ఇందువల్లే.

ఇక ప్రొఫైళ్లు. రంగులను గాఢం చేసే వివిడ్, వెల్వియా సహజం కోసం కాదు. స్టాండర్డ్‌లో సాచురేషన్ (రంగుల గాఢత) ఒక గడి, కాంట్రాస్ట్ ఒక గడి తగ్గిస్తే చాలామందికి సరిపోతుంది. నాకు న్యూట్రల్ మేలనిపిస్తుంది, ఎండ తక్కువున్న రోజు కాస్త చప్పగా ఉన్నా సరే. ఫ్యూజీలో చర్మానికి ప్రో నెగ్ స్టాండర్డ్ మెత్తగా ఉంటుంది. కానన్ ఫెయిత్‌ఫుల్ ప్రొఫైల్‌ను 5200 కెల్విన్ కాంతిలో వస్తువు రంగుకు కొలత ప్రకారం దగ్గరగా ఉండేలా కట్టారు, బల్బు కింద దాన్నుంచి అదే ఆశించకూడదు.