ఈకోలో మడత మంచం సీటు: రెండు మేడారం జాతరల తర్వాత

మా ఐదు సీట్ల మారుతి ఈకోలో వెనక సీటు పీకేసి మడత మంచం సీటు పెట్టించి రెండేళ్లు దాటింది. 2023 దసరా అయిపోయాక బిగించాం. అప్పటి నుంచి బండి 31,000 కిలోమీటర్లు తిరిగింది. దాంట్లో పడుకున్న రాత్రులు నూటికి పైనే ఉంటాయి. పగలు సీటు, రాత్రి మంచం అనుకుని చేయించుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇలా చెప్తున్నా: పడకగా బాగుంది, ఆగిన బండిలో కూర్చుని టీ తాగడానికి బాగుంది, నడిచే బండిలో సీటుగా మాత్రం వద్దు. ఆ చివరి సంగతి నాకు బర్రెల పుణ్యమా అని తెలిసింది. అది తర్వాత చెప్తా.

మాది హన్మకొండ. పెళ్లి వీడియోలు తీయడం నా పని. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే రాత్రి పదకొండింటికే ఫంక్షన్ హాల్ చేరుకోవాలి. పెళ్లివారు ఇచ్చే గదిలో అప్పటికే పది మంది పడుకుని ఉంటారు, పదకొండోవాడిగా కెమెరా బ్యాగ్ తలకింద పెట్టుకుని నేను. ఆ బాధ పడలేకే ఈ మంచం ఆలోచన. సీజన్ లేనప్పుడు మా ఆమె, నేను రామప్ప, లక్నవరం, బొగత, కుంటాల ఇలా తిరుగుతాం కాబట్టి ఇద్దరికీ సరిపోయేట్టు చేయించాం.

ఇది పనిచేసే తీరు సోఫా కమ్ బెడ్ లాంటిదే. మూడు ముక్కలు: కూర్చునే భాగం 18 అంగుళాలు, వీపు ఆనుకునే భాగం 22, దాని వెనక డిక్కీలో కదలని చెక్క అరుగు 30. కూర్చునే ముక్కను ముందుకు లాగితే వీపు ముక్క వెల్లకిలా పడి మధ్యలో కూర్చుంటుంది. మూడూ కలిసి 70 అంగుళాలు, అంటే 5 అడుగుల 10. నేను 5 అడుగుల 7, నాకు చాలు. మా బావమరిది ఆరడుగులు, వాడు మూలకు కాళ్లు పెట్టి ఐమూలగా పడుకుంటాడు. వెడల్పు 46 అంగుళాలు. వెనక చక్రాల మీది రేకు ఉబ్బులు లోపలికి పొడుచుకొస్తాయి కదా, అందుకే ఫ్రేమును వాటికన్నా ఎత్తుగా, 12 అంగుళాల మీద పెట్టించాం. ఎత్తు తగ్గిస్తే కూర్చున్నప్పుడు తల పైకప్పుకు తగలదు, కానీ పడక ఆ ఉబ్బుల మధ్యనే ఇరుక్కుని ఒకళ్లకే సరిపోతుంది. మేం ఇద్దరం పడుకోవడమే ముఖ్యం అనుకున్నాం.

మొదటిసారి ఇనుప మంచాలు, సోఫాలు చేసే ఒక వెల్డర్ దగ్గర చేయించాను. ఒక అంగుళం చదరపు పైపు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సీటు ముక్క కదలకుండా పట్టి ఉంచడానికి సోఫాకు వేసే స్ప్రింగు లాచి. కూలీతో కలిపి 14,000 రూపాయలు. "ఏం గాదన్నా, ఏనుగు కూసున్నా ఊగది" అన్నాడు. నిజమే, ఏనుగు కూర్చున్నా ఊగేది కాదు. కానీ బండి ఇంట్లో సోఫా లాగా ఒకచోట ఉండదన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

2024 ఫిబ్రవరి, మేడారం జాతర. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఫ్రీ అప్పటికి కొత్త. అవ్వ (మా అమ్మ) బస్సెక్కుతానని పట్టుబట్టింది, ఆమెను ఒక్కదాన్ని పంపలేక బాపు టికెట్ కొనుక్కుని గొణుక్కుంటూ వెంట పోయాడు. లేకపోతే బాపు ఆ వెనక సీట్లోనే కూర్చునేవాడు. ములుగు దాటాం, జంగాలపల్లి దగ్గర రోడ్డు మీదికి బర్రెల మంద వచ్చింది. అరవైలో ఉన్నాను, బ్రేకు గట్టిగా తొక్కాను. వెనక టక్ మని ఒక చప్పుడు, ఆ వెంటనే సీటు దానంతట అదే మంచమైపోయింది. దాని ముందు అంచు వచ్చి మా ఆమె సీటు వీపుకు గుద్దుకుంది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్, చాపలు, గిన్నెలు అన్నీ దానితోపాటే. బర్రెలు నింపాదిగా దాటిపోయాయి. మేం పక్కకు ఆపి కాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే విషయం చిన్నదే. ఈ సీటు తెరుచుకునేది ముందుకు. బ్రేకు వేస్తే బండిలో ఉన్నదంతా పోయేదీ ముందుకే. అంటే ప్రతి బ్రేకూ దాన్ని తెరవడానికి ఒక చెయ్యి వేస్తున్నట్టే. మధ్యలో ఆపేది వేలెడంత స్ప్రింగు లాచి. నా సీటు కదిలే భాగం తూకం 38 కిలోలు. గట్టిగా గుద్దుకున్నప్పుడు బరువు ఇరవై రెట్ల దాకా పనిచేస్తుంది, అంటే ముప్పావు టన్ను. దాని మీద మనిషి కూర్చుని ఉంటే లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి.

"బెల్టు పెట్టిస్తే సరిపోదా?" అని చాలామంది అడిగారు. వెల్డర్ చేసిన ఫ్రేముకు బెల్టు కడితే, ఆ ఫ్రేము ఊడినప్పుడు మనిషిని కూడా కట్టి లాక్కుపోతుంది. కంపెనీ సీటు, బెల్టు బిగింపులు పరీక్షలు దాటి వస్తాయి, మనం ఆటోనగర్‌లో చేయించుకున్నది దాటదు. అందుకే అప్పటి నుంచి మా బండికి ఒకటే రూల్: బండి కదిలితే వెనక ఎవరూ ఉండరు. మేమిద్దరం ముందు, మిగతావాళ్లు బస్సు.

ఆ మార్చిలో మొత్తం విప్పించి ఇంకో మెకానిక్ దగ్గర మళ్లీ బిగించాను. ఇంకో 11,500 రూపాయలు అయ్యాయి, కానీ అసలు పని ఇదే. మొదటాయన ఫ్రేమును నేల రేకుకు మామూలు బోల్టులతో, చిన్న వాషర్లు వేసి బిగించాడు. విప్పి చూస్తే రెండు చోట్ల రేకు అప్పుడే వాషర్ చుట్టూ గుంట పడి ఉంది. ఇప్పుడు ఆరు చోట్ల 10 మిల్లీమీటర్ల బోల్టులు. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉందో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నాను. అచ్చు లేని బోల్టు చవకే కానీ దాని బలానికి హామీ లేదు. నేల కింద ప్రతి బోల్టుకూ నాలుగంగుళాల చదరం, మూడు మిల్లీమీటర్ల ఇనుప పలక. దానివల్ల లాగుడు ఒక్క చిల్లు మీద పడకుండా చుట్టూ పరుచుకుంటుంది. నట్లు నైలాక్‌వి, అంటే లోపల నైలాన్ రింగు ఉన్నవి, అదిరినా వదులు కావు. చిల్లులు వేసేముందు మెకానిక్ బండి కింద పడుకుని లైటు వేసి పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చాక్‌పీసుతో పైన గుర్తు పెట్టుకున్నాడు. డ్రిల్లు బిట్టు సర్రున దిగిపోకుండా దానికి ఒక చెక్కముక్క తొడిగాడు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. చిల్లు అంచులకు రెడాక్సైడ్ పూయమని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. పూయకపోతే మన వానాకాలం చాలు, తుప్పు మొదలవుతుంది.

స్ప్రింగు లాచి తీసేసి రెండు పక్కలా తలుపు గడియ లాంటివి, వేలు లావు కడ్డీ ఫ్రేములోంచి దూరి అవతలికి పోయేట్టు పెట్టాం. కడ్డీకి సగం ఎర్ర రంగు వేశాను. గడియ పూర్తిగా పడితే ఎరుపు కనపడదు. బండి తీసేముందు ఒకసారి వెనక్కి చూస్తే తెలిసిపోతుంది. మొత్తం కట్టుబడిలో నాకు బాగా నచ్చిన ఐడియా ఇదే, ఖర్చు ఒక చిన్న డబ్బా పెయింటు. చప్పుళ్లకు మందు ఇంకా చవక: పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి ఇనుముకు ఇనుము తగిలే ప్రతిచోటా అంటించాను. అంతకుముందు తాడ్వాయి అడవి రోడ్డులో పోతుంటే వెనక ఎవరో గిన్నెలు తోముతున్నట్టు ఉండేది.

ఫోమ్ దగ్గర కూడా ఒకసారి తప్పు చేశాను. కొట్లో నొక్కి చూసి మెత్తగా ఉన్నది కొన్నాను, నాలుగంగుళాలది. ఎనిమిది నెలలకు కూర్చునే ముక్క దిగిపోయింది, అరుగు ముక్క మీద ఎక్కువ బరువు పడదు కాబట్టి అది అలాగే ఉంది. రెండింటి మధ్య గట్టు. సరిగ్గా నడుము దగ్గర. "గడ్డపార మీద పండుకున్నట్టున్నది" అని మా ఆమె రెండు రాత్రులు అంది, మూడో రాత్రికి ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు కింద రెండంగుళాల రీబాండెడ్ (ఫోమ్ తునకలు నొక్కి అతికించిన గట్టి రకం), పైన రెండంగుళాల 40 డెన్సిటీ ఫోమ్. మొదట గట్టిగా అనిపిస్తుంది, అలవాటైతే అదే హాయి. కవరు కూడా రెక్సిన్ వద్దు. ఏప్రిల్‌లో ఒళ్లు దానికి అతుక్కుని, లేచినప్పుడు చర్మం చీరినట్టే ఉంటుంది. నూలు గుడ్డ కుట్టించి, పైన కొత్తవాడ జంపఖానా ఒకటి పరిచాం. భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీ ఇంత పనికొస్తుందని నేననుకోలేదు: చెమట పీల్చుకుంటుంది, ముక్కల మధ్య సందును కప్పేస్తుంది, దులిపితే దుమ్ము పోతుంది.

ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కదా. వంద కిలోమీటర్లు నడిపి ఆపాక చాలాసేపు అటువైపు వేడి పొగలు కక్కుతున్నట్టే ఉంటుంది. కాబట్టి తల వెనక డోరు వైపు పెట్టుకోండి. మే నెలలో ఎటు పెట్టుకున్నా ఒకటే, రాత్రి రెండింటిదాకా నిద్ర రాదు. ఏసీ కోసం ఇంజిన్ నడిపిస్తూ పడుకోవడం మాత్రం వద్దే వద్దు, ఆ పొగ లోపలికి వస్తే వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. చలికాలం ఆదిలాబాద్ వైపు పోతే ఇంకో తంటా: అద్దాలన్నీ మూస్తే పొద్దున్నకల్లా లోపల నీళ్లు కారుతాయి. రెండు పక్కలా రెండు వేళ్ల సందు ఉంచి దోమతెర అయస్కాంతాలతో అంటిస్తున్నాం. నేల వాలుగా ఉందో లేదో చూడటానికి మంచం మీద ఒక ఖాళీ సీసా పడుకోబెడతాం, అది ఎటు దొర్లితే అటు కాళ్లు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆ వివరాల్లో ఒకటి. నేను ఇవేవీ చూసుకోకుండా ముందు చేయించేసి, తర్వాత టెన్షన్ పడ్డాను. మీరు ముందే రవాణా ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడిగి మొదలుపెట్టండి. కంపెనీ సీటు అమ్ముకోవద్దు. మాది అటక మీద ఉంది, బోల్టులతో సహా.

ఇప్పటి పరిస్థితి: ఎడమ గడియ కొంచెం అరిగి బిర్రుగా పడుతోంది, నూనె చుక్క వేయాలి. వీపు ముక్క కబ్జాలు (మడత బందులు) ఒకసారి మార్చాం. మంచం వేయడానికి మా ఆమెకు ఒంటిచేత్తో నిమిషం పడుతుంది, కాకపోతే కింద సామాను ఏదీ ముందుకు జరిగి ఉండకూడదు. సీటుగా మడిస్తే స్లైడింగ్ డోరు దగ్గర 22 అంగుళాల నేల మిగులుతుంది, వానలో అక్కడే స్టవ్ పెట్టుకుని టీ కాస్తాం, తలుపు తెరిచే. మొదటి ఫోమ్ కాకుండా మొత్తం ఖర్చు 25,500. మొదటిసారే సరిగ్గా చేయిస్తే పద్దెనిమిదిలో అయిపోయేది.

మొన్న 2026 జాతరకు కూడా అవ్వా బాపులు బస్సులోనే వచ్చారు. మధ్యాహ్నం బాపుకు కాళ్లు లాగుతున్నాయంటే బండిలో మంచం వేసి పడుకోబెట్టి, మేం జంపన్న వాగుకు పోయాం. తిరిగొచ్చేసరికి బాపు పక్కన ఇంకో ముసలాయన గురక పెడుతున్నాడు. ఎవరో తెలియదు. "ఎండల నిలబడ్డడురా, రమ్మన్న. 46 అంగుళాలు అన్నవు గదా, ఇద్దరికి సరిపోతదని" అన్నాడు బాపు కళ్లు తెరవకుండానే. మేం ముగ్గురం జంపఖానా కిందికి లాగి చెట్టు నీడన పరుచుకున్నాం.