బెంగళూరులో కస్టమ్ మ్యాజిక్ ఐటమ్ చేయించుకునేవాళ్లు ఒకసారి ఇది చదవండి

పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడే మన తెలుగువాళ్లకు, ముఖ్యంగా మారతహళ్లి, బెల్లందూరు వైపు గేమ్ నడిపే డీఎంలకు (డంజన్ మాస్టర్లకు) ఇది. "మీ కథకు తగ్గ వింత మ్యాజిక్ వస్తువు డిజైన్ చేసి, కార్డు, బొమ్మతో సహా ఇస్తాం" అని ఇన్‌స్టాలో ప్రకటనలిచ్చే ఒక అమ్మకందారు దగ్గర రెండు వస్తువులు చేయించుకున్నాను. రెండూ కలిపి 3,200 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నారు. పేరు రాయను. ఏం అంటగట్టారో రాస్తాను, ఎవరి దగ్గర కొన్నా పనికొస్తుంది.

మొదటిది మొండి బిందె. నేను అడిగింది ఇత్తడి బిందె, దించినచోటే బైఠాయిస్తుంది, బతిమాలితే తప్ప కదలదు. బతిమాలే తీరు నచ్చకపోతే ఇంకా బిగుసుకుంటుంది. వచ్చిన కార్డులో ఉన్నది మాత్రం ఇదీ: బిందె చివర బటన్ నొక్కితే అక్కడే నిలిచిపోతుంది, 8,000 పౌండ్ల బరువు ఆపుతుంది, డీసీ 30 స్ట్రెంగ్త్ చెక్ (పాచికతో చాలా కష్టమైన బల పరీక్ష) నెగ్గితే 10 అడుగులు జరపొచ్చు. బిందెకు చివరేమిటి, బటనేమిటి? ఆట తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆటలో ముందునుంచే ఉన్న ఇమ్మూవబుల్ రాడ్ (కదలని కడ్డీ) వర్ణన తెచ్చి రాడ్ బదులు బిందె పెట్టారు. ఒకచోట రాడ్ అని అలాగే వదిలేశారు కూడా.

ఆ టెక్స్ట్ ఎస్‌ఆర్‌డీ 5.1లో (ఆట కంపెనీ ఇచ్చే రూల్స్ పత్రం) ఉచితంగా దొరుకుతుంది. 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు కాబట్టి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఎక్కడిదో చెప్పాలి. కార్డు మీద ఆ ఊసే లేదు సరికదా, "పూర్తిగా ఒరిజినల్" అని బంగారు రంగు అక్షరాలు!

బొమ్మలు పర్లేదు. రంగు కాస్త చేతికి అంటుతోంది, అంతే.

అసలు దెబ్బ రెండోది కొట్టింది. అబద్ధాల గంట. 60 అడుగుల లోపల ఎవరు అబద్ధం చెప్పినా మోగుతుంది. రోజుకు ఎన్నిసార్లో లేదు, సేవింగ్ త్రో (పాచిక వేసి ప్రభావం తప్పించుకునే అవకాశం) లేదు, అట్యూన్‌మెంట్ (వాడేముందు పాత్ర ఆ వస్తువుతో బంధం పెట్టుకోవడం) అక్కర్లేదు, పైగా రేరిటీ కామన్, అంటే మామూలుగా దొరికే వస్తువట. అబద్ధం ఆడనివ్వని మంత్రం జోన్ ఆఫ్ ట్రూత్ ఆటలోనే ఉంది, దానితో పోల్చి చూడండి. అది రెండో లెవెల్ స్పెల్, పది నిమిషాలే, 15 అడుగుల వ్యాసార్ధం, కరిష్మా సేవ్ ఉంది, అబద్ధం ఆడలేకపోయినా మాట దాటేయొచ్చు. ఈ గంట చేతిలో ఉంటే ఇక ఆ స్పెల్ ఎవడికి కావాలి?

చెప్పిన తేదీ దాటాక, సరిగ్గా ఆటకు ముందు పార్సిల్ చేరింది. ధాన్యం దొంగను పట్టుకోవాల్సిన సెషన్ అది. మా రోగ్ (చాకచక్యంతో నెట్టుకొచ్చే పాత్ర) ఊరి జనాన్ని వరసగా నిలబెట్టి "నువ్వేనా దొంగ?" అని ఒక్కొక్కరినీ అడిగేశాడు. గిడ్డంగి కాపలావాడు "కాదు" అనగానే గంట మోగింది. రాత్రంతా సాగాల్సిన కథ, టీ చల్లారకముందే అయిపోయింది. "కార్డులో ఉన్నదే కదా బాస్" అన్నాడు రోగ్ ఆడే అతను. ఏం చెప్తాం!

వింత ఊహించడం మన టేబుల్ దగ్గర ఎవరైనా చేస్తారు. అది ఎప్పుడు పనిచేయదో రాసిపెట్టడానికే డిజైనర్‌కు డబ్బిచ్చేది. కాబట్టి ఫొటోలు చూసి మురిసిపోకుండా, వాళ్లు ఇదివరకు చేసిన ఏదో ఒక కార్డు టెక్స్ట్ పూర్తిగా పంపమనండి. వాడటానికి యాక్షన్ (పాత్ర తన వంతులో చేసే ఒక పని) పడుతుందా, రోజుకు ఎన్నిసార్లు, అట్యూన్‌మెంట్ ఉందా చూడండి. ఒక పాత్రకు మూడు వస్తువులతోనే అట్యూన్‌మెంట్ కుదురుతుంది కాబట్టి అదొక్కటే చాలా ఆగడాలు ఆపుతుంది. అందులోంచి ఒక వాక్యం తీసి ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్‌లో వెతకండి. ఆట 2014 రూల్స్‌కు రాశారా, 2024 వాటికా అని అడగండి, నీళ్లు నమిలితే వదిలేయండి. మీ వస్తువు టెక్స్ట్ మీరు ఓకే అన్నాకే మిగతా డబ్బు.

రిఫండ్ అడిగితే "అది ఇన్‌స్పిరేషన్ సర్, డిజైన్ వర్క్‌కు రిఫండ్ ఉండదు" అన్నారు. ఆ తర్వాత మెసేజ్ చూస్తున్నారు, పలకట్లేదు. స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు జతచేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. ఇంకా నడుస్తోంది.

ఇప్పటికే ఆ గంట కొన్నవాళ్లు ఉంటే, నేను మార్చుకున్న తీరు ఇదీ: అట్యూన్‌మెంట్ తప్పనిసరి. తెల్లవారాక చెవిన పడ్డ మొదటి అబద్ధానికి ఒక్కసారే మోగుతుంది, అది గంట మోసేవాడిదైనా సరే. ఇప్పుడు మా రోగ్ పొద్దున్నే సత్రం యజమానికి "టిఫిన్ బాగుంది" అనడానికి కూడా జంకుతున్నాడు. కార్డు కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే పంపిస్తాను.