ఆరేళ్ల లక్స్ వాడకం: లినక్స్ మళ్లీ ఎక్కించిన రోజు తాళం ఎక్కడ ఇరుక్కుందంటే

విద్యానగర్‌లో ఇంటి నుంచే అనువాదాలు చేస్తాను. ఆస్పత్రి సమ్మతి పత్రాలు, కోర్టు కాగితాలు, భూమి దస్తావేజులు, అన్నీ వేరేవాళ్ల బతుకులకు సంబంధించినవే. 2019లో ఒకరోజు ల్యాప్‌టాప్ బ్యాగు సిటీ బస్సులోనే వదిలేసి దిగాను. సాయంత్రానికి డిపోలో దొరికింది. కానీ ఆ నాలుగు గంటలూ నా గుండె గుండెలో లేదు. ల్యాప్‌టాప్ పోతే పోయింది, అందులోని కాగితాలు ఎవరి చేతిలో పడతాయోనన్నదే నా భయం. ఆ వారంలోనే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 10 ఎక్కించి, డిస్కు మొత్తానికి లక్స్ తాళం వేశాను. లక్స్ (LUKS) అంటే, పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) లేనిదే డిస్కులోని సమాచారం ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే లినక్స్ ఏర్పాటు. సిస్టమ్ ఉండే రూట్ ఒక పార్టిషన్ (డిస్కులో ఒక భాగం), పని ఫైళ్లు ఇంకో పార్టిషన్. సిస్టమ్ లేవడానికి కావాల్సిన బూట్ పార్టిషన్ ఒక్కటి మాత్రం తాళం లేకుండా ఉండిపోయింది.

రోజువారీ వాడకం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ కాలపు ప్రాసెసర్లలో ఈ తాళం వాడే ఏఈఎస్ లెక్కలకు విడిగా ఏర్పాటు ఉంటుంది కాబట్టి వేగం తగ్గినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆన్ చేసినప్పుడు పాస్‌ఫ్రేజ్ కొట్టాలి, అంతే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: మూత వేసి స్లీప్‌లో పెడితే తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. అందుకే బయటికి వెళ్లేటప్పుడు పూర్తిగా ఆపేసే బయల్దేరతాను.

అసలు పరీక్ష 2023లో వచ్చింది. డెబియన్ 12 కొత్తగా ఎక్కించుకుందామని రూట్‌ను ఫార్మాట్ చేశాను. పని ఫైళ్ల పార్టిషన్‌ను ఇన్‌స్టాలర్‌లో ముట్టుకోలేదు. సిస్టమ్ వచ్చాక, ఏ పార్టిషన్‌ను ఎక్కడ తగిలించాలో సిస్టమ్‌కు చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు పాతదాంట్లోంచి నేను దాచుకున్న లైను కొత్తదాంట్లో అతికించి రీస్టార్ట్ చేశాను. తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరుగెడుతూ, ఫలానా డిస్కు కోసం ఎదురుచూస్తున్నానని ఒక లైను, దాని పక్కన నిమిషం ముప్పై సెకన్ల లెక్క. అది పూర్తయ్యాక ఎమర్జెన్సీ మోడ్. రూట్ ఖాతాకు, అంటే అడ్మిన్ ఖాతాకు, పాస్‌వర్డ్ పెట్టుకోలేదు కాబట్టి, ఖాతా లాక్ అయి ఉందంటూ అదీ లోపలికి రానివ్వలేదు.

కారణం చాలా చిన్నది, కానీ తెలియకపోతే రాత్రంతా తినేస్తుంది. లక్స్ పార్టిషన్‌కు రెండు యూయూఐడీలు, అంటే గుర్తింపు సంఖ్యలు, ఉంటాయి. బయటి పెట్టెది ఒకటి, తాళం తీశాక లోపల కనిపించే ఫైల్‌సిస్టమ్‌ది ఇంకొకటి. నేను అతికించిన లైనులో ఉన్నది లోపలిది. పెట్టె తెరవమని చెప్పే క్రిప్ట్‌ట్యాబ్ ఫైలు పాత రూట్‌తోపాటే పోయింది. పెట్టె తెరుచుకోనిదే లోపలి యూయూఐడీ ఎక్కడి నుంచి వస్తుంది? డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశానికి 'ఎఫ్' ఆప్షన్ ఇచ్చి చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తాళం తీయకముందు క్రిప్టో లక్స్ అని ఒకటే వరస, తీశాక దాని కింద కొంచెం లోపలికి జరిగి ఎక్స్‌ట్4 అని రెండో వరస.

ఎక్కించకుండానే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రూట్ తాళం తీసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి అది పనిచేయకుండా చేశాను. సిస్టమ్ లేచింది. ఇక పని పార్టిషన్‌ను చేత్తో తెరుద్దామని క్రిప్ట్‌సెటప్ ఆదేశం ఇచ్చి పాస్‌ఫ్రేజ్ కొట్టాను. రెండు సెకన్లు ఆగి, ఈ పాస్‌ఫ్రేజ్‌తో సరిపోయే కీ లేదంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఊహించి కొట్టేవాళ్లకు కష్టంగా ఉండాలనే కావాలని పెట్టిన ఆలస్యం అది. కానీ ఆ రాత్రి ఒక్కో రెండు సెకన్లూ నాకు ఒక్కో గంట. పైగా నాలుగేళ్లుగా ఆ పాస్‌ఫ్రేజ్ కొట్టిన పాపాన పోలేదు. రూట్‌లో దాచిన కీ ఫైలే దాన్ని తెరిచేది. ఫార్మాట్‌తో అదీ పోయింది.

మాదాపూర్‌లో సర్వర్ల పని చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, ముందు దేన్నీ ముట్టుకోకు. ఫార్మాట్, రిపేర్ అని ఏది కనిపించినా నొక్కకు. లక్స్‌డంప్ ఇచ్చి కీ స్లాట్లు ఎన్ని ఉన్నాయో చెప్పు" అన్నాడు. కీ స్లాట్ అంటే ఒక్కో తాళంచెవికి ఒక్కో గది. ఆ ఆదేశం ఇస్తే సున్నా, ఒకటి అని రెండు స్లాట్లు కనిపించాయి. సున్నాలో నా పాస్‌ఫ్రేజ్, ఒకటిలో పోయిన కీ ఫైలు. "హెడర్, అంటే తాళం సమాచారం ఉండే మొదటి భాగం, బాగానే ఉందన్నమాట. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి అదే పాస్‌ఫ్రేజ్ కొట్టి చూడు" అన్నాడు.

అక్కడ మొదటిసారికే తెరుచుకుంది!

అదే చెయ్యి, అదే పాస్‌ఫ్రేజ్. తేడా కీబోర్డులో ఉంది. మనం రాసేది బ్రిటిష్ స్పెల్లింగే కదా అని ఇన్‌స్టాలర్‌లో కీబోర్డు కూడా బ్రిటిష్ ఇంగ్లిష్ అని ఎంచుకున్నాను. లైవ్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అమెరికన్ లేఅవుట్ (మీటల అమరిక). బ్రిటిష్ లేఅవుట్‌లో షిఫ్ట్ పట్టుకుని రెండు నొక్కితే అట్ గుర్తు రాదు, కోట్ గుర్తు వస్తుంది. నా పాస్‌ఫ్రేజ్ మధ్యలో అట్ గుర్తు ఉంది. కొట్టేటప్పుడు తెర మీద అక్షరాలు కనిపించవు కాబట్టి పట్టుకోలేకపోయాను. కొత్త రూట్ పాస్‌ఫ్రేజ్‌లో ఉన్నవి ఉత్త అక్షరాలే, అందుకే అది రెండుచోట్లా తెరుచుకుంది. ఎవరికైనా ఇదే తిప్పలు ఎదురైతే, అన్నిటికంటే ముందు టెక్స్ట్ ఎడిటర్ తెరిచి పాస్‌ఫ్రేజ్ కనపడేలా కొట్టి చూసుకోండి. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి.

మిగతాది అరగంట పని. కీబోర్డు మార్చాను, కొత్త కీ ఫైలు చేసి లక్స్‌యాడ్‌కీతో ఇంకో స్లాట్‌లో పెట్టాను, అది తెరుస్తోందని చూసుకున్నాకే పాత ఒకటో స్లాట్‌ను తీసేశాను. ఈ వరస తిరగబడకూడదు. క్రిప్ట్‌ట్యాబ్‌లో పేరు, బయటి పెట్టె యూయూఐడీ, కీ ఫైలు దారి, ఆప్షన్లు, ఇవన్నీ ఒకే లైనులో. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ చేర్చాను. ఇప్పుడు ఆ పార్టిషన్ తెరుచుకోకపోయినా సిస్టమ్ మాత్రం లేస్తుంది. కొత్త సిస్టమ్‌లోనూ మొదటి యూజర్‌ను నేనే, యూజర్ నంబరు అదే 1000, ఫైళ్లు ఎవరివో సిస్టమ్ చూసేది ఆ నంబరుతోనే, కాబట్టి ఫైళ్ల హక్కుల దగ్గర ఇబ్బంది రాలేదు.

హెడర్ సంగతి మాత్రం నిదానంగా చదవండి. లక్స్2లో పార్టిషన్ మొదట్లో మామూలుగా 16 ఎంబీ హెడర్ ఉంటుంది. తాళం తాలూకు సమాచారమంతా అందులోనే. ఏ ఇన్‌స్టాలరో దాన్ని చెరిపేస్తే, పాస్‌ఫ్రేజ్ నోటికి వచ్చినా లోపలి ఫైళ్లు రావు. ఎక్కడికెళ్లి మొరపెట్టుకున్నా లాభం లేదు. అందుకే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో రెండు చిన్న పెన్‌డ్రైవ్‌లు కొని, లక్స్‌హెడర్‌బ్యాకప్‌తో తీసిన కాపీ ఒక్కోదాంట్లో వేశాను. ఒకటి మలక్‌పేటలో అమ్మ బీరువాలో ఉంది. ఇందులో ఒక మెలిక ఉంది. పాస్‌ఫ్రేజ్ ఎవరికో తెలిసిపోయిందని మార్చుకున్నా, పాత కాపీలోని హెడర్‌ను పాత పాస్‌ఫ్రేజే తెరుస్తుంది. మార్చిన రోజే పాత కాపీలు చెరిపి కొత్తవి తీయాలి.

ఇదే తాళం వేసిన ఎక్స్‌టర్నల్ డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, వాడాలంటే ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. ఒక రిపేర్ షాపులో "మేడమ్, డిస్క్ ఖరాబైంది, ఫార్మాట్ కొట్టేద్దామా?" అని మౌస్ మీద చెయ్యి వేసిన కుర్రాణ్ని ఆపి డిస్కు లాక్కున్నాను. ఇప్పుడు ఆ డిస్కు మీద "తాళం వేసి ఉంది, ఫార్మాట్ చేయవద్దు" అని తెలుగులో రాసి అతికించాను.

2025లో డెబియన్ 13కి మళ్లీ కొత్తగా ఎక్కించాను. ఈసారి రూట్‌ను ముట్టుకోకముందే క్రిప్ట్‌ట్యాబ్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కాపీలు బయట పెట్టుకున్నాను, పాస్‌ఫ్రేజ్ చేత్తో కొట్టి తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాను. ఇన్‌స్టాలర్‌లో కీబోర్డు ప్రశ్న వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగి అమెరికన్ ఇంగ్లిష్ ఎంచుకున్నాను. పొద్దున టిఫిన్ చేసి మొదలుపెడితే, మధ్యాహ్నం అన్నానికి లేచేలోపు ఒక సమ్మతి పత్రం అనువాదం కూడా పంపేశాను.